నలిపిన చీమల రుచి

ఆస్ట్రేలియాలో పెన్‌ఫోల్డ్స్ అని ఒక పాత వైను కంపెనీ ఉంది. ఆ కంపెనీ కొత్తగా బయటికి తెచ్చే సీసాలన్నిటినీ ఏటా వైను నిపుణులు వరసగా గ్లాసుల్లో పోసుకుని, రుచి చూసి, ఒక్కోదానికి మార్కులు వేస్తారు. ఆదివాసీ రచయితల పుస్తకంలో ఈ సంగతెందుకని మీకు అనిపించవచ్చు. ఆ కంపెనీ చరిత్ర చదువుతుంటే ఒక మాట దగ్గర మేము ఆగిపోయాం. ఈరోజు వాళ్లు అందరికన్నా గర్వంగా చూపించుకునే వైనును మొదట రుచి చూసిన పెద్దల్లో ఒకరు, ఇందులో అడవి పండ్లు కలిశాయని, అన్నిటినీ మించి నలిపిన చీమల రుచి ఉందని తీసిపారేశారట.

మేము కోయవాళ్లం. అడవి పండ్లు తిని పెరిగాం. చీమల రుచి మాకు తెలియనిది కాదు. ఆయన తిట్టుగా అన్న మాట మాకు తిట్టులా వినిపించలేదు. పైగా మేము బడిపంతుళ్లం, మార్కులు వేయడం మా పని. రుచికి మార్కు ఎలా వేస్తారు, ఎవరి నాలుకతో వేస్తారు అన్న ప్రశ్న మమ్మల్ని వదల్లేదు.

ముందే ఒక మాట చెప్పాలి. తాగమని ఎవరికీ చెప్పడానికి ఇది రాయడం లేదు. సారా మా గూడేలకు ఏం చేసిందో మాకు తెలుసు. కూలి డబ్బులు దుకాణంలో పోసి ఒట్టి చేతులతో ఇంటికొచ్చిన తండ్రుల పిల్లలు మా తరగతిలోనే కూర్చుంటారు. ఈ వైనును మేము రుచి చూడనూ లేదు. వాళ్ల పెద్ద వైను కొత్త సీసా ఒక్కటి దాదాపు 1000 ఆస్ట్రేలియా డాలర్లు, మన లెక్కలో 50,000 రూపాయల పైమాటే. మాకు కావలసింది సీసా కాదు, దానికి మార్కులు వేసిన తీరు.

ఆ కథ ఇది. క్రిస్టఫర్ రాసన్ పెన్‌ఫోల్డ్ అనే ఇంగ్లీషు డాక్టరు 1844లో దక్షిణ ఆస్ట్రేలియాలోని అడిలైడ్ ఊరి పక్కన, మగిల్ అనే చోట స్థిరపడ్డాడు. వెంట తెచ్చుకున్న ద్రాక్ష కొమ్మలు నాటాడు. మొదట్లో వైనును రోగులకు బలం మందుగా ఇచ్చేవాడు. తర్వాత అదే వ్యాపారమైంది. వందేళ్లు గడిచాక ఆ కంపెనీలో మాక్స్ షూబర్ట్ అనే ఆయన వైను తయారీకి పెద్దగా ఉన్నాడు. పెద్ద చదువులతో ఆ కుర్చీలోకి వచ్చినవాడు కాదు. కుర్రతనంలో చిన్న పనికి చేరి, చేస్తూ నేర్చుకుని పైకొచ్చినవాడు.

1950లో కంపెనీ ఆయన్ని యూరప్ పంపింది. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతానికి వెళ్లినప్పుడు 40, 50 ఏళ్లు నిలవ ఉన్నా చావని వైన్లు రుచి చూశాడు. మా దేశంలోనూ ఇలాంటిది ఎందుకు చేయకూడదు అనుకున్నాడు. ఆ రోజుల్లో ఆస్ట్రేలియాలో ఎక్కువగా తాగేది తీపిగా, ఘాటుగా ఉండే వైను. ఆయన తమ నేలలో దండిగా పండే షిరాజ్ అనే నల్ల ద్రాక్షను తీసుకుని, కొత్త ఓక్ చెక్క పీపాల్లో ఊరబెట్టి, 1951లో ప్రయోగంగా ఒక వైను చేశాడు. మగిల్‌లో పెన్‌ఫోల్డ్ దంపతులు కాపురమున్న ఇంటి పేరు గ్రేంజ్. వైనుకు ఆ పేరే పెట్టాడు.

కొన్నేళ్లు సీసాల్లో నిలవ ఉంచాక కంపెనీ పెద్దలకు, పేరున్న రుచిగాళ్లకు చూపించారు. ఒక్కరు కాదు, దాదాపు అందరూ బాగాలేదన్నారు. చీమల మాట వచ్చింది అప్పుడే. 1957లో, ఇక దీన్ని చేయొద్దని కంపెనీ ఉత్తర్వు ఇచ్చింది.

షూబర్ట్ ఆపలేదు. 1957, 1958, 1959 మూడేళ్లూ దొంగచాటుగా చేశాడు. మగిల్ నేలమాళిగలో పై అధికారుల కంట పడకుండా దాచాడు. పెన్‌ఫోల్డ్ కుటుంబానికి చెందిన జెఫ్రీ పెన్‌ఫోల్డ్ హైలాండ్ తెలిసీ తెలియనట్టు ఊరుకుని ఆయనకు అండగా నిలిచాడు. ఈలోగా ముందు చేసిన సీసాలు వాటి మానాన అవి ముదిరాయి. కొత్తలో నాలుకను పట్టేసే వగరు మెత్తబడింది. అదివరకు ముఖం చిట్లించినవాళ్లకే మళ్లీ పోస్తే బాగుందన్నారు. 1960లో మళ్లీ చేయమని కంపెనీయే చెప్పింది. 1955లో చేసిన గ్రేంజ్ 1962లో సిడ్నీ వైను ప్రదర్శనలో బంగారు పతకం గెలిచింది. 1990 పంట గ్రేంజ్‌ను అమెరికాలోని వైన్ స్పెక్టేటర్ పత్రిక 1995లో ఆ ఏటి మేటి వైనుగా ఎంచింది. తొలి 1951 సీసా వేలంలో లక్ష డాలర్లకు పైగా పలికింది.

అదే ద్రాక్ష, అదే సీసా. మధ్యలో మారినవి రెండు. ఒకటి కాలం, రెండు రుచి చూసేవాళ్ల నాలుక. వగరు తగ్గడం కాలం చేసిన పని. ఆ రకం వైనుకు అలవాటు పడడం నాలుక చేసిన పని. మొదటి రోజు వేసిన మార్కులో ఈ రెండిటికీ చోటు లేదు.

ఇక చీమల సంగతి. చెట్ల మీద పచ్చి ఆకులను ఒకదానికొకటి కుట్టి గూడు కట్టుకునే ఎర్రచీమలు మా పిల్లలకు బాగా తెలుసు. బస్తర్ సంతల్లో వాటితో చేసిన చాప్డా చట్నీని ఆకు దొప్పల్లో పెట్టి అమ్ముతారు. ఒడిశాలోని మయూర్‌భంజ్ ఆదివాసులు చేసే కాయి చట్నీకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. చీమల్లో ఉండే పులుపు ఫార్మిక్ ఆమ్లానిది. చీమ కుట్టినచోట మంట ఎందుకు పుడుతుందో సైన్సు పాఠంలో చెప్పేటప్పుడు ఆ పేరే చెబుతాం. పుస్తకంలో అది మంట. మా వాళ్ల రోట్లో అది పచ్చి మిరపకాయ, ఉప్పు కలిసిన పులుపు.

ఇంకో ముచ్చట ఉంది. ఇదే జాతి చీమ ఉత్తర ఆస్ట్రేలియా అడవుల్లోనూ ఉంది. అక్కడ దాని పొట్ట ఆకుపచ్చగా ఉంటుంది కాబట్టి పచ్చచీమ అంటారు. అక్కడి ఆదివాసులు దాన్ని తరతరాలుగా తింటున్నారు, జలుబుకు, దగ్గుకు మందుగా వాడుతున్నారు. ఇప్పుడు అడిలైడ్ పక్క కొండల్లోని ఒక డిస్టిలరీ ఆ పచ్చచీమలు వేసి జిన్ అనే మద్యం చేసి, సీసా మీద చీమల పేరు గొప్పగా రాసి అమ్ముతోంది. మగిల్ నుంచి చూస్తే కనిపించే కొండలవి. 1950ల్లో ఆ చుట్టుపక్కల వైనును చంపడానికి వాడిన మాట, ఇప్పుడు సీసా అమ్మడానికి పనికొస్తోంది. చీమ మారలేదు. దాని రుచిని పోల్చుకోగలిగినవాళ్ల మాటకు విలువ వచ్చింది, అంతే.

ఆ విలువ ఇన్నాళ్లూ ఎందుకు లేదో కూడా చెప్పుకోవాలి. అడిలైడ్ మైదానం కౌర్నా అనే ఆదివాసీ జనం నేల. ఆ నేల మీద ద్రాక్షతోటలు లేచాయి, కంపెనీలు లేచాయి. ఆ నేల మనుషులు మద్యం ముట్టుకోవడం మాత్రం నేరమని ఆస్ట్రేలియాలో చాలా రాష్ట్రాల చట్టాలు చెప్పాయి. ఎక్కువచోట్ల ఆ చట్టాలు పోయింది 1960ల్లోనే. అంటే గ్రేంజ్ మంచిదా చెడ్డదా అని బల్లల చుట్టూ వాదించుకుంటున్న రోజుల్లో, ఆ నేల సొంతదారులకు ఆ బల్ల దగ్గర కుర్చీ లేదు. మాకూ ఇలాంటిది తెలుసు. 1879లో రంప పితూరీ లేవడానికి ఒక ముఖ్య కారణం కల్లు మీద వచ్చిన కొత్త ఆబ్కారీ కట్టుబాట్లు. ఇంటి అవసరానికి గీసుకునే చెట్టుకు కూడా కాంట్రాక్టర్లు డబ్బు అడిగారు. చెట్టు ఎవరిది, కల్లు ఎవరిది అన్నది బయటివాళ్లు తేల్చారు. ఏది మర్యాదైన పానీయం, ఏది నాటు సరుకు అన్నది కూడా వాళ్లే తేల్చారు.

మార్కుల పద్ధతికి వద్దాం. ఆస్ట్రేలియా వైను ప్రదర్శనల్లో చాలాకాలం 20 మార్కుల పద్ధతి నడిచింది. రంగుకు, తేటదనానికి 3 మార్కులు. వాసనకు 7. నోట్లో రుచికి 10. మొత్తం 18.5 దాటితే బంగారు పతకం, 17 దాటితే వెండి, 15.5 దాటితే కంచు. రుచి చూసేవాళ్లకు సీసా కనిపించనివ్వరు. గ్లాసుకు నంబరు మాత్రం ఉంటుంది. మన పదో తరగతి జవాబుపత్రాల మీద పిల్లల పేరు కనపడకుండా కోడ్ వేసి స్పాట్ వాల్యుయేషన్‌కు పంపడం లాంటిదే అది. ఇప్పుడు లోకమంతా నడుస్తున్న 100 మార్కుల పద్ధతిని వ్యాప్తి చేసింది రాబర్ట్ పార్కర్ అనే అమెరికా విమర్శకుడు. అతను దాన్ని తీసుకున్నది ఎక్కడి నుంచో కాదు, వాళ్ల దేశపు బడి మార్కుల నుంచే. బడి నుంచి వెళ్లిన మార్కు వైను సీసా మీద కూర్చుంది. అందుకే సీసా కథ బడికి పనికొస్తుంది.

కోడ్ వేసినంత మాత్రాన న్యాయం జరుగుతుందా? అమెరికాలో రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే ఆయన దీన్నే పరీక్షించాడు. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ వైను పోటీలో, న్యాయనిర్ణేతలకు చెప్పకుండా ఒకే సీసాలోని వైనును మూడుసార్లు, మిగతా గ్లాసుల మధ్య పెట్టి ఇచ్చాడు. ఒకే మనిషి, ఒకే పూట, ఒకే వైనుకు వేరువేరు మార్కులు వేశాడు. తన మార్కుకు తాను కట్టుబడి ఉన్నవాళ్లు పదిమందిలో ఒకరు. డీఎడ్‌లో మూల్యాంకనం పాఠం చదివిన టీచర్లకు ఇది వింతగా ఉండదు. 1912లోనే అమెరికాలో స్టార్చ్, ఎలియట్ అనే ఇద్దరు ఒకే ఇంగ్లీషు జవాబుపత్రాన్ని వందకు పైగా టీచర్లతో దిద్దించారు. ఎక్కువ వేసినవారికీ తక్కువ వేసినవారికీ మధ్య 30 మార్కులకు పైగా తేడా వచ్చింది. విశ్వసనీయత, సప్రమాణత అని మేము పరీక్ష కోసం బట్టీపట్టిన మాటలకు అర్థం ఇదే.

పెన్‌ఫోల్డ్స్ సరుకు మొత్తం వరసగా చూస్తే ఇంకో పాఠం కనిపిస్తుంది. వాళ్ల వైన్ల పేర్లు చాలావరకు నంబర్లు. బిన్ 28, బిన్ 389, బిన్ 707 అని. బిన్ అంటే నేలమాళిగలో సీసాలు పేర్చే అర. 707కు మాత్రం ఆ పేరు బోయింగ్ విమానం మీద వచ్చింది. గ్రేంజ్ ఊరిన పీపాల్లో మరుసటి ఏడు కొంత బిన్ 389 పోస్తారు. అందుకని దాన్ని చిన్న గ్రేంజ్ అని పిలుస్తారు. వీటి పక్కనే సెయింట్ హెన్రీ అని ఒకటి ఉంది. గ్రేంజ్ పుట్టిన కాలంలోనే అదే కంపెనీలో జాన్ డావొరెన్ అనే ఇంకొక ఆయన దాన్ని రూపుదిద్దాడు. అందులోనూ ప్రధానంగా షిరాజ్ ద్రాక్షే. కాకపోతే కొత్త చెక్క పీపాల జోలికి పోలేదు. పెద్ద పెద్ద పాత పీపాల్లో ఉంచాడు. చెక్క వాసన పట్టకుండా పండు రుచి పండుగానే ఉండనిచ్చాడు. కొత్త చెక్క వాసన ఎంత ఉందని కొలిచే మనిషి చేతికి సెయింట్ హెన్రీ చిక్కితే తప్పుతుంది. పండు ఎంత తేటగా ఉందని కొలిచేవాడికి గ్రేంజ్ వెనకబడుతుంది. రెండూ డెబ్బై ఏళ్లుగా ఆ కంపెనీలో పక్కపక్కనే బతుకుతున్నాయి. ఒకదాన్ని ఇంకోదానిలా మార్చాలని వాళ్లు అనుకోలేదు.

మా వాళ్లకూ రుచి కొలిచే చదువు ఉంది. జీలుగు కల్లు నాలుక మీద పెట్టగానే అది పొద్దుటిదా మాపటిదా, ఏ వాగు పక్క చెట్టుదో చెప్పే ముసలివాళ్లు మా ఊళ్లో ఉండేవారు. ఇప్పసారా కాచినప్పుడు నాలుగు చుక్కలు మంటలో వేసి, మంట లేచే తీరు చూసి ఘాటు ఎంతో చెప్పేవారు. వాళ్లు 20కి ఇంత అని అంకె చెప్పలేదు. ఎవరికి ఏది, ఏ పూటకు ఏది, పండుగకు దేవర ముందు ముందుగా పోయాల్సింది ఏది అని చెప్పేవారు. ఎక్కువ తాగినవాణ్ణి కూర్చోబెట్టి తిట్టేదీ వాళ్లే. ఆ చదువు రాసిపెట్టినవారు లేరు కాబట్టి అది చదువు లెక్కలోకి రాలేదు.

బడిలో ఇది ఎలా జరుగుతుందో మేము కళ్లారా చూశాం. ఒకసారి మా బడికి పిల్లల స్థాయి చూడడానికి బయటినుంచి ఒకరు వచ్చారు. రెండో తరగతి పిల్లల్ని మీకు తెలిసిన పండ్ల పేర్లు చెప్పండి అన్నారు. పిల్లలు పోటీపడి లేచారు. తునికి, మొర్రి, పరికి, ఈత. ఒక పిల్ల ఇంకా ముందుకెళ్లి, ఏ పండు ఏ వాన తర్వాత వస్తుందో, ఏ పండు పచ్చిది తింటే గొంతు పడుతుందో సగం కోయలో, సగం తెలుగులో చెప్పింది. వచ్చినాయన చేతిలో కాగితం ఉంది. అందులో ఆపిల్, అరటి, ద్రాక్ష బొమ్మలున్నాయి. ఆయన పిల్లలు చెప్పినవి విన్నారు, నవ్వారు, పండ్ల పేర్లు రావు అని రాసుకున్నారు. ఆ గడిలో పిల్లలకు సున్నా పడింది. మేము ఆ పేర్లు పలక మీద రాయించి చూపించాం. ఆయన మర్యాదగానే, కాగితంలో వాటికి చోటు లేదండీ అన్నారు.

అడవి పండ్ల రుచి ఉందని ఒక వైనుకు మార్కు తగ్గింది. అడవి పండ్ల పేర్లు చెప్పారని ఒక తరగతికి మార్కు తగ్గింది. వైను సంగతి పదేళ్లలో తేలిపోయింది, ఎందుకంటే దాన్ని నేలమాళిగలో దాచి మళ్లీ పోసి చూపించడానికి ఒక షూబర్ట్ ఉన్నాడు. మా రెండో తరగతి పిల్లలకు ఎవరున్నారు? రావు అన్న మాట పై తరగతికి, హాస్టలుకు వాళ్ల వెంటే నడుస్తుంది. ఏడో తరగతికి వచ్చేసరికి ఆ పిల్లలే నాకు రాదు సార్ అనడం నేర్చుకుంటారు. చదువు మానేసి మిరప కోతలకు పోయిన పిల్లల్ని వెనక్కి తెచ్చుకోవడానికి ఇళ్లకు వెళ్లినప్పుడు మేము ఎక్కువసార్లు విన్న మాట అదే.

దాచిన మూడేళ్ల గ్రేంజ్ గురించి ఒక చిన్న వివరం ఉంది. ఉత్తర్వు వచ్చాక కొత్త పీపాలకు డబ్బు లేదు. షూబర్ట్ పాత పీపాలతోనే సర్దుకున్నాడు. ఆ మూడేళ్ల వైన్లు ముందువాటంత నిండుగా లేవని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. మేము దీన్ని మా తోటి టీచర్లకు తరచూ చెబుతాం. ముందు పనికిరాదని రాసి, దానివల్ల సరంజామా ఆపి, తర్వాత చూశారా అంతగా లేదు అనడం సులువు. టీచరు లేని బడి, భాష తెలియని పుస్తకం ఇచ్చి వేసిన మార్కులోనూ ఆ తగ్గింపు దాగి ఉంటుంది.

అలాగని మార్కులే వద్దని మేము అనడం లేదు. మార్కు వేయకుండా అందరూ బాగున్నారని వదిలేస్తే నష్టపోయేది మా పిల్లలే. కూడికలు రాని పిల్లకు రావని ఎవరో ఒకరు చెప్పి నేర్పాలి. ఇందులోనూ ఆ కంపెనీ పద్ధతి ఒకటి చూడదగ్గది. 1986 నుంచి వాళ్లు తమ పాత వైన్లన్నిటినీ కొన్నేళ్లకోసారి మళ్లీ తెరిపించి, రుచి చూపించి, ది రివార్డ్స్ ఆఫ్ పేషెన్స్ అనే పుస్తకంగా వేస్తున్నారు. ఓర్పుకు దక్కే ఫలం అని ఆ పేరుకు అర్థం. 1991 నుంచి ఇంకో పని కూడా చేస్తున్నారు. పదిహేనేళ్లు దాటిన సీసాలను జనం తెస్తే తెరిచి, రుచి చూసి, తరిగినంత మళ్లీ నింపి కొత్త బిరడా బిగించి ఇస్తారు. బాగున్నదానికి ధ్రువీకరణ చీటీ అంటిస్తారు. చెడిపోయినదానికి అంటించరు. పాత మార్కును పట్టుకుని వేలాడరు, కొత్త అబద్ధమూ చెప్పరు.

విద్యాహక్కు చట్టం అడిగిన నిరంతర సమగ్ర మూల్యాంకనం కూడా ఇదే. నిర్మాణాత్మకం అనీ, సంగ్రహణాత్మకం అనీ రెండు రిజిస్టర్లు రాసి పక్కన పెడితే సరిపోదు. మా బడిలో మేము ఒక అలవాటు పెట్టుకున్నాం. మార్కు పక్కన మూడు విషయాలు రాస్తాం. ఏ భాషలో అడిగాం, పిల్ల ఏ భాషలో చెప్పింది, మళ్లీ ఎప్పుడు అడుగుతాం. పండ్ల పాఠం వచ్చినప్పుడు పుస్తకంలోని పండ్లతో పాటు తునికి, మొర్రి కూడా పలక మీదికి ఎక్కుతాయి. ఆపిల్ పేరూ నేర్పుతాం. రెండూ తెలిసిన పిల్లకు ఏ కాగితం ముందూ బెరుకు ఉండదు.

చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. రేపు మీలో కొందరు మార్కులు వేసే కుర్చీల్లో కూర్చుంటారు. టీచర్లవుతారు, అధికారులవుతారు, ఇంటర్వ్యూ బల్లకు అవతలి పక్క ఉంటారు. మీకు తెలియని రుచి ఎదురైనప్పుడు బాగాలేదని రాసే ముందు, ఇది నాకు తెలియదు అని రాసుకోండి. తెలిసినవాళ్లను అడగండి. అడగడానికి ఆ పిల్ల ఎదురుగానే ఉంటుంది.